ఎడమవైపు కాలని టోస్టు

హాలిఫాక్స్,
జనవరి నెలాఖరు, 1986.

డోలినా,

నువ్వు ఫోన్ చేశావని నర్సు చెప్పింది. నేనే రానన్నాను. మన మోరాగ్ కోవ్‌లో ఊరందరికీ ఒకటే ఫోన్ లైను, దాని మీద మనం మాట్లాడుకుంటే ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు రిసీవరు ఎత్తి వింటారు. నా తుంటి ఎముక సంగతి హెక్టర్ నోట పడి రేవు చివరికి చేరేసరికి నాకు కాలే తీసేశారంటారు. అందుకని ఉత్తరాలే రాసుకుందాం. నీ చేతిరాత నేను తప్ప ఎవరూ చదవలేరు కాబట్టి రహస్యానికి ఢోకా లేదు.

ఎముకకి మేకు వేశారు. బాగానే ఉన్నాను. మంచు మీద జారిపడింది నేనైతే ఏడ్చింది నువ్వు. ఇక చాలు, కళ్ళు తుడుచుకుని పనిలో పడు. నేను వచ్చేదాకా హోటల్ మూసేద్దామన్న మాట మళ్ళీ ఎత్తావంటే ఈ మేకుతో సహా లేచి వస్తాను.

నేనడిగేవి రెండే. మొదటిది టోస్టర్. అది మీ బావ పోయేముందు తన చేత్తో బాగుచేసి పెట్టింది. దాని జోలికి పోకు. కుడివైపు మీట తనంతట తాను పైకి లేవదు. వాసన ముదిరే లోపల నువ్వే లేపాలి. బ్రెడ్ ఇరుక్కుంటే ముందు ప్లగ్గు తీసి, చెక్క పటకారుతో లాగు. చాకు పెట్టి పొడిచావంటే మనిద్దరం ఒకే వార్డులో కలుసుకుంటాం. అడుగున రాలిన పొడి రోజూ దులుపు. అది పేరుకుంటే ఏదో ఒక రోజు అంటుకుంటుంది.

రెండోది నా స్టూలు. కిటికీ ముందు నేను కూర్చుని, రేవు చూస్తూ బంగాళాదుంపలు ఒలుచుకునే చోటు. అక్కడ ఎవర్నీ కూర్చోనివ్వకు. మే నెలలో లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే బోనులు సముద్రంలోకి దింపే రోజుకి వచ్చేస్తాను. నా చోటు నాకు ఉంచు. ఇంకేం వద్దు.

నీ అక్క,
ఎఫీ

మోరాగ్ కోవ్, కేప్ బ్రెటన్,
ఫిబ్రవరి మధ్య.

అక్కా,

నీ ఉత్తరం చదివి ధైర్యం వచ్చింది. తిట్లు ఇంత బాగా తిడుతున్నావంటే ప్రాణానికేం భయం లేదు.

హోటల్ నడుస్తోంది. రేవంతా మంచుగడ్డే. మగాళ్ళకి పనేం లేదు, బోనులు బాగుచేసుకునే వంకతో పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నారు. అందరూ మామూలుగా వెనక నుంచే, వంటింట్లోంచి బూట్ల మంచు దులుపుకుంటూ వస్తున్నారు. కొత్త పాస్టరు ఒక్కడే ఇంకా ముందు తలుపు నుంచి వస్తున్నాడు, పాపం. రోడ్డు మీద పోయే టూరిస్టులా టోపీ తీసి నిలబడి, "కూర్చోవచ్చా అండీ?" అని అడుగుతాడు. మనవాడు అవ్వడానికి ఇంకో చలికాలం పట్టేలా ఉంది.

హెక్టర్ నిన్న టోస్టు పళ్ళెం మీద తట్టి, "ఏమ్మా డోలినా, ఇది తినమంటావా, మా ఇంటి కప్పు కారుతోంది, అక్కడ వేసుకోమంటావా?" అన్నాడు. "రెండిటికీ పనికొస్తుంది, ఇంకోటి కావాలా?" అన్నాను. నువ్వు ఉంటే ఇంకా గట్టిగా పెట్టేదానివి.

ఊరికే అడుగుతున్నాను, మీ ఆసుపత్రి వంటింట్లో అంతమందికి టోస్టు ఎలా చేస్తారు? ఏ రకం టోస్టర్? కాలక్షేపానికి రాయి.

నీ చెల్లెలు,
డోలినా

హాలిఫాక్స్,
ఫిబ్రవరి చివర.

డోలినా,

చిన్నప్పటి నుంచీ నువ్వు "ఊరికే అడుగుతున్నా" అన్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పగిలి ఉండేది. ఈసారి ఏం పగిలింది?

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ వంటింటికి పెద్ద ఒడెట్ అని ఒకామె. చేయి పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఆమె దగ్గర ఒక ఇనప పెట్టె ఉంది. లోపల గొలుసుల మీద జాలీ తిరుగుతూ ఉంటుంది. ఇటు బ్రెడ్ పెడితే ఊరేగింపుగా లోపలికి వెళ్ళి, పైనా కిందా కాలి, ముందుకి జారి పడుతుంది. మనిషి చూడక్కర్లేదు, వాసన పట్టక్కర్లేదు. బ్రెడ్ కాల్చడానికి కూడా మనసు పెట్టని వంట ఒక వంటేనా? ఆ మాటే అన్నాను. "నాలుగు కంతల డబ్బాతో రెండొందల మందికి పెట్టి చూపించు తల్లీ, అప్పుడు మనసు గురించి మాట్లాడుకుందాం," అంది. ఆమె నాకు నచ్చింది. నీకు మాత్రమే చెబుతున్నాను.

ఇక్కడ వ్యాయామం చేయించే పిల్ల ఒకతి రోజూ నా ఎడమ భుజం నొక్కి, "విరిగింది తుంటి కదా, ఈ భుజం ఇలా బిగుసుకుపోయిందేంటి?" అని ఆశ్చర్యపోతుంది. నేనేం చెప్పలేదు. అన్నీ వాళ్ళకి చెబితే ఇంకో నెల ఉంచేస్తారు.

టోస్టర్ ఎలా ఉందో రాయి. నిజం రాయి.

ఎఫీ

మోరాగ్ కోవ్,
మార్చి రెండో వారం.

అక్కా,

నిజం రాస్తున్నాను. కూర్చుని చదువు.

టోస్టర్ పోయింది. ఆదివారం చర్చి వాళ్ళంతా వచ్చిన వేళ దానిలోంచి నీలంగా ఒక మెరుపు వచ్చింది, తరవాత పొగ, తరవాత ఏమీ లేదు. కరెంటు పనులు చేసే మన రోడ్రిక్ విప్పి చూశాడు. "రెండు తీగలు తెగాయక్కా, మీట దగ్గరి గడియారం కూడా పోయింది. సామాన్లు తెప్పించాలి, వస్తాయో రావో దేవుడికే తెలియాలి," అన్నాడు. పారెయ్యలేదు. తుడిచి, గుడ్డ కప్పి, పైఅరలో పెట్టాను. బావ చేతి పని, నాకు మాత్రం మనసొప్పుతుందా?

ఇక రెండో నిజం. గొలుసు టోస్టర్ కొన్నాను. నువ్వు ఉత్తరంలో దాన్ని ఆడిపోసుకున్న తీరు చూసే కొనాలనిపించింది.

కళ్ళు మూసుకుని కొన్నాననుకోకు. మన కేప్ బ్రెటన్ సిడ్నీ పట్నం నుంచి అమ్మేవాడు వచ్చాడు, మెడకి టై. "రోజుకి ఎన్ని ముక్కలు కాలుస్తారు మేడమ్?" అన్నాడు. "రోజు లెక్క నాకెందుకయ్యా, బోనులు దింపే రోజు పొద్దున సంగతి అడుగు," అన్నాను. ఆ రోజు ఊళ్ళో పడవలన్నీ ఒకేసారి కదులుతాయి, అందరూ ఒకేసారి తింటారు, ఒకేసారి లేస్తారు. సంవత్సరమంతా ఖాళీగా ఉన్నా సరే, ఆ ఒక్క పొద్దున ఆగకూడదు. అతను ఇంత చిన్న ఊళ్ళో ఇంత పెద్ద మిషనా అని ముఖం పెట్టాడు. చిన్నది చూపించబోతే, మన ఓట్సు రొట్టె ఒక ముక్క లావుగా కోసి దాని నోట్లో పెట్టమన్నాను. పట్టలేదు. నోరు ఎత్తుగా ఉన్నదే ఇమ్మన్నాను.

దానికి మామూలు ప్లగ్గు సరిపోదు, లావు వైరు కావాలి. రోడ్రిక్ చూసుకున్నాడు. మొదటిసారి ఖాళీగా వేడిచెయ్యాలి, కొత్త నూనె పొగ వస్తుందని చెప్పారు. చేశాను. నేను చెప్పేలోపే హెక్టర్ బకెట్ నీళ్ళతో పరుగున వచ్చాడు. మిషన్ మీద పొయ్యనివ్వకుండా అడ్డం నిలబడ్డాను, నా మీద పోశాడు.

తిట్టు. కాగితం రెండువైపులా తిట్టు.

డోలినా

హాలిఫాక్స్,
మార్చి మూడో వారం.

డోలినా,

తిట్టాలని కాగితం తీశాను. పోయినదాన్ని పారెయ్యకుండా గుడ్డ కప్పావని రాశావు, దాంతో తిట్లు సగమయ్యాయి. మిగతా సగం వచ్చాక చూసుకుంటాను.

కొన్నావు సరే, దాన్ని చూసుకోవడం తెలుసా? నాకు తెలుసు. ఇప్పుడు పొద్దున పూట ఒడెట్ మిషన్ నడిపేది నేనే. నోరు జారి, "నేనైతే ఇంతకంటే బాగా చేస్తాను" అన్నాను. వెంటనే ఏప్రన్ విసిరింది. చెప్పుకోకూడదు గానీ, బాగా చేస్తున్నాను. మొదటి రోజు టోస్టులన్నీ వేడివేడిగా వచ్చి నా ఒళ్ళో పడ్డాయి, ముందర పళ్ళెం పెట్టడం మరిచిపోయాను. ఒడెట్ నవ్వు ఆపుకోలేక ఫ్రీజర్‌లోకి వెళ్ళి తలుపేసుకుంది.

విను. పని అయ్యాక వేడి ఆపు గానీ ప్లగ్గు పీకకు. లోపలి ఫ్యాన్ తిరిగి తిరిగి మిషన్ చల్లబడాలి, లేకపోతే తీగలు మాడిపోతాయి. గొలుసు కూడా వంకరపోతుంది. బ్రెడ్‌కి వెన్న రాసి లోపలికి పంపకు. ఆ పని చేసేవాడు హెక్టర్ ఒక్కడే, వాణ్ణి దగ్గరికి రానివ్వకు. కింది ట్రేలు రెండూ రోజూ తీసి కడుగు. మొలాసిస్ పాకం వేసిన రొట్టెకి తీపి ఎక్కువ, తెల్ల బ్రెడ్‌కి పెట్టిన వేడికే అది బొగ్గవుతుంది. రెండూ కలిపి పంపకు. చుట్టూ గాలాడే చోటు వదులు, పైన అట్టపెట్టెలు పేర్చకు. నీ అలవాటు నాకు తెలుసు.

ఇంతకీ ఎక్కడ పెట్టావు? ఆ వంటింట్లో అంత మిషన్‌కి చోటు ఎక్కడుందా అని రాత్రంతా ఆలోచించాను.

ఎఫీ

మోరాగ్ కోవ్,
ఏప్రిల్ రెండో వారం.

అక్కా,

నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. పైన అట్టపెట్టె ఉన్న మాట నిజమే, ఉత్తరం చదువుతూనే తీసేశాను. నీకు కళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో!

కానీ ఈ మిషన్ నా తల ప్రాణం తోకకి తెస్తోంది. జాలీ మీద పక్కపక్కన రెండు ముక్కలు పెడతాను కదా. కుడివైపుది చక్కగా ఎర్రగా వస్తుంది. ఎడమవైపుది పాలిపోయి, జ్వరం పడి లేచినవాడిలా వస్తుంది. సరే కదా అని వేడి పెంచితే, ఎడమవైపుది కుదురుతుంది, కుడివైపుది మాడుతుంది. జనం పల్చబడ్డాక మళ్ళీ చూస్తే రెండూ మాడుతున్నాయి. జనం వస్తే మళ్ళీ ఎడమవైపు తెలుపు. మనుషుల్ని చూసి సిగ్గుపడే మిషన్ ఎక్కడైనా ఉంటుందా?

హెక్టర్‌కి పండగగా ఉంది. "డోలినా, నాకు ఎడమది పెట్టు, పళ్ళు లేవు. పాస్టరుగారికి కుడిది పెట్టు, ఆయనకి నరకం అలవాటు చెయ్యాలి," అంటాడు. పాస్టరు నిజంగానే బొగ్గు లాంటి ముక్క నములుతూ, "రుచిగానే ఉందండీ," అన్నాడు. అబద్ధం ఆడించాను ఆయన చేత, అదొక పాపం.

అమ్మినవాణ్ణి పిలిపించాను. తీగలన్నీ చూశాడు, అన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి. తలుపు దగ్గరగానీ పెట్టారా అని ముందే ఫోన్లో అడిగాడు. లేదని చెప్పాను. మన తలుపు రోడ్డువైపు ఎక్కడో ఉంది కదా. అతను వచ్చింది మధ్యాహ్నం, హోటల్లో ఎవరూ లేరు, అప్పుడు ముక్కలు రెండూ కవల పిల్లల్లా వచ్చాయి. నావైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

బోనులు దింపే రోజు నెత్తి మీదికి వచ్చేసింది. ఆ పొద్దున ఊరంతా ఒకేసారి వచ్చి కూర్చుంటే ఏం చెయ్యాలి? నీకు తోచింది చెప్పు.

చోటు సంగతి అడిగావు. అది నువ్వు వచ్చాక మాట్లాడుకుందాం.

డోలినా

హాలిఫాక్స్,
ఏప్రిల్ మూడో వారం.

డోలినా,

చోటు సంగతి నువ్వు చెప్పక్కర్లేదు. నీ టోస్టులే చెప్పాయి.

ఎడమవైపు చల్లబడుతుంది, అదీ జనం వచ్చే వేళే. ముప్పై ఏళ్ళుగా పొద్దున పూట ఆ స్టూలు మీద నాకూ అంతే. వెనక తలుపు తెరిచి ఒక్కొక్కడూ లోపలికి వచ్చినప్పుడల్లా రేవు గాలి సూటిగా నా ఎడమ భుజానికే తగిలేది. ఆ మూల అయితే బట్టలారబెట్టే పాత డ్రయ్యర్ కోసం వేసిన లావు వైరు సిద్ధంగా ఉంది, రోడ్రిక్‌కి తేలిక. నా స్టూలు తీసేసి, కిటికీ ముందు నా చోట్లో మిషన్ పెట్టావు. అమ్మేవాడు తలుపు దగ్గరా అని అడిగితే లేదన్నావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. మనకి ముందుది తలుపు, వెనకది దారి. అతనికేం తెలుసు?

నవ్వు అయ్యాక ఏడుపొచ్చింది. దాచుకోను.

నేనూ నీకు ఒకటి చెప్పలేదు. నేను నిలబడలేను డోలినా. మేకు కుదురుకుంది గానీ కాలు కుదురుకోలేదు. కర్రలు పట్టుకుని మంచం నుంచి కుర్చీ దాకా, అంతే. మిగతాదంతా చక్రాల కుర్చీ. ఇక పెనం ముందు నిలబడే పని నాకు లేదని డాక్టరు ఫిబ్రవరిలోనే చెప్పాడు. ఒడెట్ మిషన్‌ని నేను నడుపుతున్నది కూడా ఆ కుర్చీలోంచే. ఈ మాట రాస్తే నువ్వు జాలిపడతావని రాయలేదు. రాత్రుళ్ళు పడుకుని ఒకటే అనుకునేదాన్ని. పోనీ, పెనం డోలినాకి ఇచ్చేస్తాను, నాకు ఆ స్టూలు చాలు, కిటికీ ముందు దుంపలు ఒలుచుకుంటాను, ఇంకా ఈ వంటింటి మనిషినే అనిపించుకుంటాను అని.

ఆ స్టూలు కూడా మిషన్‌కి ఇచ్చేశావు. నీ తప్పు లేదు, వైరు అక్కడే ఉంది.

మిషన్‌ని తలుపు గాలి తగలకుండా జరుపు, రెండు ముక్కలూ సమంగా కాలతాయి. బోనులు దింపే రోజు బాగా జరుగుతుంది. నేను రావడం లేదు. ఇక్కడ ఒడెట్ ఉండిపొమ్మంటోంది, ఆలోచిస్తున్నాను.

ఎఫీ

మోరాగ్ కోవ్,
మే మొదటి వారం.

అక్కా,

ఉండిపొమ్మంటే ఉండిపోతావా? ఒడెట్‌కి చెప్పు, మోరాగ్ కోవ్ నుంచి ఒక పిచ్చిది తన జుట్టు పట్టుకోవడానికి వస్తోందని.

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను, అక్కడే కూలబడి ఏడ్చాను. స్టూలు తీసింది నేనే. దాచింది కూడా నేనే. నువ్వు వచ్చేలోపు ఇంకేదో చోటు చూస్తాను కదా, నీకు తెలిసేలోపు తిరిగి పెట్టేస్తాను కదా అనుకున్నాను. నీకు కాలు నిలబడదని అనుమానం వచ్చింది అక్కా. టోస్టులు ఒళ్ళో పడ్డాయని రాశావు చూడు, అప్పుడు. నిలబడ్డ మనిషికి ఒడి ఎక్కడిది? కానీ నువ్వు చెప్పేదాకా అడగకూడదని ఊరుకున్నాను. మనిద్దరం ఇలా ఊరుకునే చస్తున్నాం.

ఇప్పుడు జరిగింది విను. ముందు తేలిక దారి చూశాను. మగాళ్ళందర్నీ కొన్నాళ్ళు రోడ్డువైపు నుంచి రమ్మన్నాను. హెక్టర్ టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. "ఏం తప్పు చేశాం తల్లీ? చెప్పు, సరిదిద్దుకుంటాం. అంతేగానీ పరాయివాళ్ళలా ముందు తలుపు నుంచి రమ్మంటావా? మా అయ్య కూడా ఇటే వచ్చేవాడు," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి, నిజమైనవో దొంగవో తెలీదు.

సరే, మిషనే జరగాలి. రోడ్రిక్ వైరు పొడిగించాడు. కిటికీకి అవతలి అంచున, పెనం పక్కన పెట్టించాను. అక్కడికి గాలి రాదు, రేవు మాత్రం పూర్తిగా కనిపిస్తుంది. ముక్కలు రెండూ ఒకే రంగులో వచ్చాయి. పాస్టరుకి మొదటిది ఇచ్చాను, ఈసారి "రుచిగా ఉందండీ" అన్నది నిజమే.

ఇంకొకటి చేశాను. మిషన్ బల్ల కాళ్ళు కోయించాను. కుర్చీలో కూర్చున్న మనిషి మోచేతి ఎత్తుకి సరిగ్గా సరిపోయేలా. ఎత్తు నాకు తెలీకపోతే నీ నర్సుకి ఫోన్ చేసి అడిగాను. లైను మీద ఊరంతా విన్నది, వింటే విననీ అనుకున్నాను. దాంతో ఏమైందంటే, ఇప్పుడు ఆ మిషన్‌ని నిలబడి ఎవరూ నడపలేరు. నేను వంగి వంగి పెడుతున్నాను, నడుము పడిపోయింది. హెక్టర్ నన్ను చూసి, "ఇంకో వారం ఇలా చేశావంటే నిన్ను కూడా హాలిఫాక్స్ పంపాలి," అన్నాడు. కోసిన కాళ్ళు అతకవు అక్కా. నువ్వు రాకపోతే ఆ చోట్లో కూర్చోవడానికి ఎవరూ లేరు.

బావ టోస్టర్ సామాన్లు కూడా వచ్చాయి. రోడ్రిక్ బాగుచేశాడు. అది మొలాసిస్ రొట్టెకి మాత్రమే, నీ కుడిచేతి వైపు పెట్టాను. కుడివైపు మీట ఇప్పటికీ తనంతట తాను లేవదు. దాన్ని కూడా సరిచేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. వాసన పట్టేవాళ్ళు వస్తున్నారని చెప్పాను.

బోనులు దింపేది వచ్చే వారం. వస్తావని రాయి.

నీ డోలినా

హాలిఫాక్స్,
అదే వారం చివర, హడావుడిగా.

డోలినా,

బల్ల కాళ్ళు కోసేముందు ఒక మాట అడగాలని తెలీదా? నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది? వచ్చే గురువారం బయలుదేరుతున్నాను. ఒడెట్ ఏడ్చింది, నేను ఏడవలేదు, కారు ఎక్కాక చూసుకుంటాను.

బోనులు దింపే రోజు పొద్దున నేను వచ్చేసరికి మిషన్ వేడెక్కి ఉండాలి, చల్ల మిషన్ ముందు నేను కూర్చోను. తెల్ల బ్రెడ్ ముందే కోసిపెట్టు. హెక్టర్‌ని వెన్నకి దూరంగా ఉంచు. నా స్టూలు పారెయ్యకు, పాస్టరుకి ఇవ్వు, అలా నిలబడి టోపీ నలుపుకోవడం మానేస్తాడు.

ఒక్క విషయంలో భయంగా ఉంది. నన్ను తెచ్చే డ్రైవరు ముందు తలుపు దగ్గరే ఆపుతాడు, అటువైపు నేల చదునుగా ఉంటుంది, కుర్చీ తేలిగ్గా పోతుంది. వెనక మూడు మెట్లు ఉన్నాయి. నా హోటల్లోకి నేను టూరిస్టులా వెళ్ళలేను డోలినా. ఆ మెట్ల సంగతి ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

ఎఫీ

మోరాగ్ కోవ్,
బుధవారం, రోడ్రిక్ కారులో పంపుతున్నాను.

అక్కా,

నిన్ను తెచ్చే డ్రైవరు ఎవరో కాదు, ఈ ఉత్తరం ఇచ్చిన రోడ్రిక్కే. వాడికి ముందు తలుపు ఎటుందో కూడా తెలీదు.

పడవలు నీళ్ళలోకి దింపే పలకలు ఊళ్ళో ఎన్నో ఉన్నాయి కదా. నిన్న మగాళ్ళంతా కలిసి వెనక మెట్ల మీద వేసి మేకులు కొట్టారు. చక్రాలు జారకుండా పైన వల పరిచారు. సరిగ్గా ఉందో లేదో చూడాలని హెక్టర్ బీరు పెట్టెలు మోసే తోపుడుబండి ఎక్కి కూర్చున్నాడు, పాస్టరు వెనక నుంచి తోశాడు. తోసుకుంటూ తోసుకుంటూ వంటింట్లోకి వచ్చేశాడు పాస్టరు. వచ్చాక కూడా వెనక దారిన వచ్చానని తెలుసుకోలేదు. బూట్లు దులుపుకుని, "డోలినా, కాఫీ ఉందా?" అన్నాడు. కాఫీ పోశాను.

మిషన్ వేడిగా ఉంటుంది. తలుపు తీసే ఉంటుంది, రా.

డోలినా